గినీ పిగ్‌కు శిక్షణ: ఏ చప్పుడు, ఏ తాయిలం, ఏ పద్ధతి?

ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న మరుక్షణం పక్క గదిలోంచి ‘వీక్, వీక్’మని పొడవాటి కూత వినిపిస్తోందంటే, ఆ ఇంటి గినీ పిగ్‌లకు శిక్షణ అప్పటికే ఒక విడత పూర్తయిందని అర్థం. ఎవరూ పనిగట్టుకొని నేర్పకపోయినా తలుపు చప్పుడుకూ కొత్తిమీర కట్టకూ ఉన్న సంబంధాన్ని అవి పట్టుకున్నాయి. తాము కూత పెడితే మనిషి కట్ట పట్టుకొని పరుగున వస్తాడన్న సంగతిని కూడా కనిపెట్టి, ఒక విధంగా మనకే శిక్షణ ఇచ్చాయి. చప్పుడును తిండితో ముడిపెట్టడంలో ఈ జంతువు ఇంత చురుకైనది కాబట్టి, పెంచేవారు ఆలోచించుకోవలసినదల్లా ఏ చప్పుడును ఏ పనికి కేటాయించాలి, దాని వెంట ఏ తాయిలం పెట్టాలి, నేర్పదలచిన పనికి ఏ పద్ధతి సరిపోతుంది అన్న మూడు విషయాలే.

ఎలుక, ఉడుతల వర్గానికి చెందిన ఈ చిన్న జంతువు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాలలో దీనిని వేల ఏళ్లుగా పెంచుతున్నారు. అక్కడి క్వెచువా భాష నుంచి వచ్చిన ‘కుయ్’ అన్న పేరు దాని అరుపును బట్టే ఏర్పడిందంటారు. కుక్కపిల్ల ‘కుయ్ కుయ్’మంటుందని చెప్పుకొనే తెలుగువారికి ఆ పేరును ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

క్లిక్కర్ (నొక్కితే ‘టక్’మనే చిన్న డబ్బా), గంట, ఈల వంటివాటిని ఒకదానితో ఒకటి పోల్చే ముందు ఒక తేడాను గ్రహించాలి. శిక్షణలో చప్పుడు చేసే పనులు రెండు. మొదటిది పిలుపు: ‘ఇటు రా, తిండి ఉంది’ అని చెప్పడం. రెండవది గుర్తు: ‘ఇప్పుడు చేసిన పని సరైనది, తాయిలం వస్తోంది’ అని చెప్పడం. పిలుపు పనికి ముందు వస్తుంది. గుర్తు పని జరిగిన క్షణంలోనే పడాలి. క్లిక్కర్ కొని తెచ్చి, దానిని టకటక నొక్కుతూ జంతువును దగ్గరకు రమ్మని పిలిచేవారు చాలామంది ఉన్నారు. నాలుగు రోజుల తరువాత అదే క్లిక్కర్‌తో తూకం పళ్లెం ఎక్కడం నేర్పబోతే, అది చప్పుడు వినగానే పళ్లెం మీద నుంచి దిగి మనిషి చేతి దగ్గరకు పరుగెత్తుతుంది. అది పొరపాటు పడలేదు. మనం నేర్పినదే చేసింది. నా దృష్టిలో గినీ పిగ్ శిక్షణలో విఫలమైన ప్రయత్నాలలో అధిక భాగం ఈ రెండు పనులను ఒకే చప్పుడుకు అప్పగించడం వల్ల విఫలమైనవే.

పిలుపు వెనుక ఉన్న సూత్రం పావ్‌లోవ్ కుక్కల ప్రయోగాల (తిండికి ముందు వినిపించే చప్పుడుకే కుక్క చొంగ కార్చడం) ద్వారా చాలామందికి తెలిసినదే. గుర్తు చప్పుడు కథ అంతగా ప్రచారంలో లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ వద్ద పనిచేసిన కెల్లర్ బ్రెలాండ్, మరియన్ బ్రెలాండ్ దంపతులు 1947లో అమెరికాలో జంతు శిక్షణ సంస్థను స్థాపించి, జంతువు పని చేసిన క్షణానికీ తిండి నోటికి అందే క్షణానికీ మధ్య ఉన్న ఖాళీని పొట్టి చప్పుడుతో పూరించే పద్ధతిని వృత్తిగా అభివృద్ధి చేశారు. గినీ పిగ్ విషయంలో ఆ ఖాళీ రెండు సెకన్లే కావచ్చు. కానీ ఆ రెండు సెకన్లలో అది తల తిప్పి, రెండడుగులు వెనక్కు వేసి, గడ్డిపోచను వాసన చూసి ఉంటుంది. గుర్తు చప్పుడు లేకుండా తాయిలం పెడితే, గడ్డిపోచను వాసన చూసినందుకే బహుమానం దక్కిందని అది అనుకునే అవకాశం ఉంది.

చెవికి తగిన చప్పుడు

మనిషి వినికిడి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు ఉంటే, గినీ పిగ్ వినికిడి సుమారు 50 హెర్ట్జ్ నుంచి 50 కిలోహెర్ట్జ్ దాకా సాగుతుంది. అంటే మనకు అసలు వినిపించని సన్నని ధ్వనుల ప్రపంచం ఒకటి దానికి పూర్తిగా తెరిచి ఉంటుంది. అందువల్ల ఇంట్లో ఎలుకలను, బొద్దింకలను తరిమేందుకని ప్లగ్‌లో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రం మనకు నిశ్శబ్దంగా ఉన్నా, గినీ పిగ్‌కు రాత్రింబవళ్లు చెవిలో మోగుతూనే ఉండవచ్చు. శిక్షణ ముందుకు సాగడం లేదని చప్పుళ్లను మార్చి మార్చి చూసేవారు ముందుగా ఆ యంత్రం గదిలో ఉందేమో చూసి తీసివేయాలి.

ఆకస్మికంగా వినిపించిన చప్పుడుకు గినీ పిగ్ చెవి డొప్ప చిన్నగా అదురుతుంది. దీనిని ప్రేయర్ ప్రతిచర్య అంటారు; ప్రయోగశాలలలో ఈ జంతువుల వినికిడిని పరీక్షించడానికి దీనిని ఆధారంగా తీసుకుంటారు. ఇంట్లో మనమూ దీనినే కొలబద్దగా వాడుకోవచ్చు. అది తీరికగా గడ్డి నములుతున్నప్పుడు, ఎంచుకున్న చప్పుడును కాస్త దూరం నుంచి ఒక్కసారి చేయాలి. చెవి అదిరి, నమలడం ఆగకుండా సాగితే ఆ చప్పుడు పనికివస్తుంది. దవడ ఆగిపోయి, ఒళ్లు బిగుసుకొని, రాయిలా కదలకుండా నిలబడిపోతే ఆ చప్పుడు దానికి మరీ పెద్దది. వేటాడబడే జంతువు కాబట్టి భయపడినప్పుడు అది తరచుగా అరవదు, కదలదు. ఆ స్థితిని ‘బుద్ధిగా వింటోంది’ అని పొరబడడం కొత్తగా పెంచేవారికి పరిపాటి.

ఇక ఒక్కొక్క చప్పుడు సంగతి చూద్దాం.

పెంపుడు జంతువుల దుకాణాలలో దొరికే డబ్బా క్లిక్కర్ ప్రధాన గుణం ఏమిటంటే, ఎవరు నొక్కినా, ఎప్పుడు నొక్కినా అది ఒకేలా పలుకుతుంది. నలుగురు మనుషులున్న ఇంట్లో, ముఖ్యంగా పిల్లలు కూడా శిక్షణలో పాలుపంచుకుంటున్నప్పుడు, ఈ గుణానికి చాలా విలువ ఉంది. అయితే ఆ డబ్బాలు ఎక్కువగా కుక్కలను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. కిలో అటూ ఇటూ తూగే జంతువు ముక్కు ముందు నొక్కితే ఆ లోహపు చప్పుడు మరీ పదునుగా ఉంటుంది. దానిని మందపాటి గుడ్డలో చుట్టి గానీ, జేబులో పెట్టుకొని గానీ నొక్కడం ఒక ఉపాయం. అంతకంటే చౌకైన ఉపాయం, బటన్ నొక్కితే తెరుచుకునే బాల్‌పెన్. దాని చప్పుడు పొట్టిగా, మెత్తగా, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

నాలుకను అంగిటికి ఆనించి ‘టక్’మనిపించే చప్పుడు నాకు అన్నింటికంటే నచ్చినది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక చేతిలో దారి చూపే కర్ర, మరొక చేతిలో తాయిలం పట్టుకున్నవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. పరికరం ఎక్కడ పెట్టామో వెతుక్కునే పని ఉండదు. గట్టిగానో మెల్లగానో చేయడం మన అదుపులో ఉంటుంది. దీని లోపం ఒక్కటే: ఇంట్లో ఒక్కొక్కరి నాలుక ఒక్కొక్క రకంగా పలుకుతుంది, ఏడెనిమిదేళ్ల పిల్లలకు కొందరికి ఆ చప్పుడు అసలే రాదు. ఒకే మనిషి శిక్షణ ఇచ్చే ఇంట్లో నాలుక చప్పుడును, పలువురు పాల్గొనే ఇంట్లో బాల్‌పెన్‌ను ఎంచుకోవాలన్నది నా సలహా. ‘మంచిది’, ‘శభాష్’ వంటి మాటలను గుర్తుగా వాడడం సాధ్యమే కానీ, మాట సాగుతుంది, గొంతు మారుతుంది, విసుగు వచ్చిన రోజున అదే మాట వేరే రాగంలో వస్తుంది; పైగా ఇంట్లో ఆ మాటలు గినీ పిగ్‌తో సంబంధం లేకుండా రోజంతా వినిపిస్తూనే ఉంటాయి.

గంటలు, ఈలలు పిలుపుకే పనికివస్తాయి, గుర్తుకు పనికిరావు. ఎందుకంటే వాటి మోత ఆగేలోపు క్షణం దాటిపోతుంది. పిలుపుగా వాడేటప్పుడైనా తెలుగు ఇళ్లలో రెండు చిక్కులున్నాయి. పూజ గంటను పోలిన చిన్న గంటను ఎంచుకుంటే, అది ప్రతి ఉదయం తాయిలం లేకుండా మోగుతూనే ఉంటుంది. వెంట తిండి రాని చప్పుడుకు జంతువు క్రమంగా చెవి ఇవ్వడం మానేస్తుంది. ఈల సంగతీ అంతే. ప్రెషర్ కుక్కర్ పొద్దున మూడు, మధ్యాహ్నం నాలుగు ఈలలు వేసే ఇంట్లో మరో ఈలకు ప్రత్యేకత ఏముంటుంది? ఫోన్‌లో రికార్డు చేసిన చప్పుళ్లు, క్లిక్కర్ యాప్‌లు ఆలస్యంగా పలకడం వల్ల గుర్తుకు అసలు పనికిరావు. పిలుపుకు వాడదలచినా, అవసరమైన సమయానికి ఫోన్ ఛార్జింగ్‌లోనో మరొకరి చేతిలోనో ఉంటుంది.

ఆకుకూర తెచ్చిన ప్లాస్టిక్ కవరు గలగల అన్నిటికంటే బలమైన పిలుపని అనుభవం ఉన్నవారెవరైనా చెబుతారు. దాని బలమే దాని బలహీనత. సరుకుల సంచి విప్పినా, బిస్కట్ పొట్లం చింపినా అదే గలగల. ఆ చప్పుడు మన చేతిలో లేనిది. కాబట్టి దానిని శిక్షణకు ఆధారం చేసుకోకూడదు.

అన్నిటికంటే మంచి పిలుపు పల్లె పద్ధతిలో దొరుకుతుంది. పల్లెలలో కోళ్లకు ఒక పిలుపు, దూడకు ఒక పిలుపు, కుక్కకు ఒక పిలుపు ఉంటాయి. రెండు పొట్టి అక్షరాలను గబగబా నాలుగైదుసార్లు పలకడం వాటి సామాన్య లక్షణం. మనుషులతో మాట్లాడేటప్పుడు ఆ ధ్వని ఎప్పుడూ రాదు కాబట్టి జంతువుకు గందరగోళం ఉండదు. గినీ పిగ్‌కు కూడా అలాంటి అర్థం లేని, పొట్టి, వేగమైన పిలుపును సొంతంగా కల్పించుకోవడం ఉత్తమం. దాని పేరునే పిలుపుగా వాడేవారు ఆ పేరును రోజుకు ఎన్నిసార్లు ఊరకే పలుకుతున్నారో ఒక్కసారి లెక్కపెట్టుకోవాలి.

చప్పుడును తిండితో ముడిపెట్టే తీరులోనూ ఒక మెలకువ ఉంది. లియాన్ కామిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల చివరలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో, ఒక సంకేతం ద్వారా రాబోయేదేమిటో జంతువుకు ముందే తెలిసిపోయి ఉంటే, దానికి తోడుగా చేర్చిన రెండవ సంకేతాన్ని అది పెద్దగా నేర్చుకోదని తేలింది. మన ఇంటికి అన్వయిస్తే, ఫ్రిజ్ తలుపు తీసి, కవరు విప్పి, ఆ తరువాత తీరికగా పిలిచేవారి పిలుపు వృథా. జంతువుకు కావలసిన సమాచారమంతా తలుపే చెప్పేసింది. మా ఇంట్లో మొదటి రెండు వారాలు సరిగ్గా ఇదే జరిగింది. తాయిలాన్ని ముందే మూత ఉన్న డబ్బాలో తెచ్చి గదిలో పెట్టుకొని, పావుగంట ఆగి, చేయి కదపకుండా ముందు చప్పుడు చేసి, ఆ తరువాత మాత్రమే డబ్బా వైపు చేయి చాపడం మొదలుపెట్టాక మూడు రోజులలో తేడా కనిపించింది. చప్పుడు ముందు, చేయి తరువాత. పూటకు పది పన్నెండుసార్లు ఇలా రెండు మూడు రోజులు చేసి, అది వేరే వైపు చూస్తున్నప్పుడు చప్పుడు చేస్తే చటుక్కున మన వైపు తిరుగుతోందా అని పరీక్షించాలి. తిరిగితే ముడి పడినట్టే.

తాయిలాల పోలిక

తాయిలాన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది రుచి ఒక్కటే చూస్తారు. నమలడానికి ఎంత సేపు పడుతుంది, చక్కెర ఎంత, కడుపుకు ఏమవుతుంది, దాని వల్ల మరేదైనా మేలు ఉందా అన్నవి కూడా చూడాలి. అయిదు నిమిషాల శిక్షణలో పదిహేనుసార్లు తాయిలం పెట్టవలసి వస్తే, ఒక్కొక్క ముక్కను అరనిమిషం నమిలే పదార్థం ఎంత రుచిగా ఉన్నా పనికిరాదు.

ఈ లెక్కన కొత్తిమీర కాడకు సాటి వచ్చేది లేదు. రెండంగుళాల కాడను ఒక కొస నోటికి అందిస్తే యంత్రంలోకి కాగితం పోయినట్టు లోపలికి పోతుంది. పొడవుగా ఉండడం వల్ల భయపడే జంతువుకు మన వేళ్లను దూరంగా ఉంచి అందించవచ్చు. ఇంట్లో కూరకు ఆకు తుంచుకున్నాక మిగిలే కాడలే సరిపోతాయి. రైతు బజారు నుంచి తెచ్చిన కట్టను మాత్రం రెండు మూడు నీళ్లలో బాగా కడిగి, తడి ఆరాక వాడాలి. మగ్గిన, కుళ్లిన కాడలను ఏరి పారేయాలి.

రెండవ స్థానం క్యాప్సికానిది. పోషకాల పరంగా చూస్తే మొదటి స్థానమే ఇవ్వాలి. మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ని తన శరీరంలో తయారుచేసుకోలేదు. నార్వేకు చెందిన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రవేత్తలు 1907లో గినీ పిగ్‌లకు తిండి మార్పు వల్ల స్కర్వీ వ్యాధి వస్తుందని గుర్తించడం విటమిన్ సి చరిత్రలోనే ముఖ్యమైన మలుపు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద జంతువుకు రోజుకు ప్రతి కిలో బరువుకు కనీసం 10 మిల్లీగ్రాములు అవసరం. చూలుతో ఉన్నదానికి 30 మిల్లీగ్రాముల దాకా కావాలి. 100 గ్రాముల ఆకుపచ్చ క్యాప్సికంలో సుమారు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది కాబట్టి, శిక్షణ తాయిలంగా రోజుకు 20 గ్రాములు సన్నని పుల్లలుగా కోసి పెట్టినా ఆ రోజు కనీస అవసరం తీరుతుంది. గింజలు, తొడిమ తీసివేయాలి. తాయిలమే ఔషధమయ్యే ఇలాంటి అవకాశాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు.

క్యారట్‌ను చూడగానే అందరికీ ఇదే సరైనదనిపిస్తుంది; నేను దానిని తాయిలాల వరుసలో చాలా కిందకు తోస్తాను. గట్టిగా ఉంటుంది, నమలడానికి ఎక్కువ సేపు పడుతుంది, చక్కెర ఎక్కువ, విటమిన్ సి తక్కువ. కీరదోస ముక్కలు వేసవిలో ఒంటికి నీరు అందిస్తాయి, తేలికగా నమలవచ్చు. అయితే దాదాపు అంతా నీరే కావడం వల్ల ఎక్కువైతే పెంటికలు మెత్తబడతాయి. జామపండులో విటమిన్ సి దండిగా ఉన్నా చక్కెర కూడా ఉంటుంది. అందుకే జామ, యాపిల్ వంటి పండ్లను చిటికెన వేలి గోరంత ముక్కలుగా, వారానికి ఒకటి రెండుసార్లు, అదీ కష్టమైన పనికి మాత్రమే దాచుకోవడం మంచిది. ప్రయాణపు డబ్బా ఎక్కడం వంటి భయపెట్టే పనికి పండు, రోజువారీ పనికి కాడ అన్న తేడా పాటిస్తే పండు విలువ తగ్గకుండా ఉంటుంది.

కొనితెచ్చిన పెల్లెట్లు, అంటే మేత గుళికలు, చూడడానికి బీదవిగా ఉన్నా, వాటికి ఒక స్థానం ఉంది. చేయి తడవదు, లెక్క తేలిక, కడుపు సున్నితంగా ఉన్న జంతువుకు కొత్త పదార్థాల బెడద ఉండదు. రోజువారీ వంతులోంచే ముప్పై గుళికలు పక్కకు తీసి వాటితో నేర్పితే అదనపు తిండి కూడా కాదు. గింజలు, ఎండుపండ్లు కలిపిన రంగురంగుల మిశ్రమాలను మాత్రం కొనకూడదు. పొద్దుతిరుగుడు గింజల వంటివి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. పాలకూరలో మూత్రంలో రాళ్లకు దారితీయగల ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి రోజూ ఇచ్చే తాయిలానికి అది తగదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, పెరుగు, బిస్కట్, మురుకులు వంటివి ఎంత తక్కువైనా పెట్టకూడదు. ఇంటికి వచ్చిన బంధువులకు ఈ మాటను మొహమాటపడకుండా ముందే చెప్పాలి.

తాయిలం దేనినుంచి తీయాలన్నదీ ముఖ్యమే. పెద్ద గినీ పిగ్‌కు రోజుకు సుమారు ఒక కప్పు ఆకుకూరలు, కూరగాయలు పెట్టే ఆనవాయితీ ఉంది. శిక్షణ ముక్కలన్నీ ఆ కప్పులోంచే రావాలి తప్ప దానికి తోడు కాకూడదు. ఎండుగడ్డి మాత్రం రాత్రింబవళ్లు ముందు ఉండాలి. ఇక్కడ ఎండుగడ్డి అంటే తిమోతి వంటి పశుగ్రాసపు గడ్డి. పోషకాలు తక్కువైన వరిగడ్డి దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఆకలితో ఉంచితే త్వరగా నేర్చుకుంటుందన్న సలహా ఎవరైనా ఇస్తే దానిని పూర్తిగా తోసిపుచ్చాలి. గినీ పిగ్ పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండడానికి నిరంతరం పీచు అందుతూ ఉండాలి. ఒక్క రోజు ఏమీ తినకపోతే పేగుల కదలిక మందగించి ప్రాణం మీదకు రావచ్చు. కాబట్టి కడుపు మాడ్చి నేర్పే పద్ధతికి దీని విషయంలో తావే లేదు. ఉదయం ఆకుకూరల వేళకు ముందు అయిదు నిమిషాలు కేటాయిస్తే, గడ్డి అందుబాటులో ఉన్నా కూరల మీద ఆశ ఎంత ఉండాలో అంతా ఉంటుంది.

ఏ పనికి ఏ పద్ధతి

పద్ధతులు ప్రధానంగా నాలుగు. పిలుపుతో రప్పించడం; తాయిలాన్ని ముక్కు ముందు కదుపుతూ దారి చూపించడం; కర్ర కొసను ముక్కుతో తాకడం నేర్పి ఆ కర్రతో నడిపించడం; అది తనంతట తాను చేసిన పనికి గుర్తు చప్పుడు వేయడం. వీటిలో ఏది గొప్పదన్న చర్చ కంటే, మనకు ఏం కావాలో ముందు తేల్చుకోవడం మేలు. సామాన్యంగా ఇళ్లలో నిజంగా అవసరమయ్యేవి మూడు: గదిలో విడిచిపెట్టాక తిరిగి గూటికి రావడం, తూకం పళ్లెం మీద నిలబడడం, ఆసుపత్రికి తీసుకువెళ్లే డబ్బాలోకి తానుగా వెళ్లడం.

గూటికి రావడానికి పిలుపు ఒక్కటే చాలు. సోఫా కిందకు దూరిన గినీ పిగ్‌ను చీపురుతో తరిమి, మూలకు నెట్టి పట్టుకుంటే మనిషి దాని కంటికి వేటాడే జంతువుగా మారతాడు. రెండు నెలల మచ్చిక ఒక్క సాయంత్రంలో పోతుంది. మొదట గూటిలోనే, మూరెడు దూరం నుంచి పిలిచి తాయిలం పెట్టాలి. తరువాత గది మధ్య నుంచి, ఆ తరువాత సోఫా చాటు నుంచి. దూరం పెంచిన ప్రతిసారీ రెండు రోజులు అక్కడే ఆగడం మంచిది. ముక్కుకు సరిగ్గా ఎదురుగా ఉన్న వస్తువు దానికి బాగా కనిపించదు కాబట్టి, వచ్చినప్పుడు తాయిలాన్ని కాస్త పక్కగా, నేలకు దగ్గరగా అందించాలి. వేలును కొరికిందని అనుకునే సందర్భాలలో చాలావాటికి కారణం ఇదే.

తూకం పళ్లెం విషయంలో గుర్తు చప్పుడు విలువ తెలుస్తుంది. గినీ పిగ్ జబ్బును దాచుకుంటుంది. బరువు తగ్గడం తరచుగా మనకు కనిపించే మొదటి లక్షణం కాబట్టి వారానికి ఒకసారి తూకం వేయడం అవసరం. తాయిలం చూపించి ఎక్కిస్తే అది ఎక్కుతుంది. కానీ నిలవదు, తాయిలం వెంట తల, తల వెంట కాళ్లు కదులుతూనే ఉంటాయి, అంకెలు స్థిరపడవు. కర్ర పద్ధతి ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్ల కొసకు రంగు దారం చుట్టి ముక్కుకు దగ్గరగా పెడితే కుతూహలంతో తాకుతుంది. తాకిన క్షణాన ‘టక్’, వెంటనే కాడ. తాకడం స్థిరపడ్డాక పుల్లను పళ్లెం మీదకు జరపాలి. నాలుగు కాళ్లూ పళ్లెం మీద పడినప్పుడే గుర్తు వేయాలి. ఆ తరువాత గుర్తును ఒక సెకను, రెండు సెకన్లు, మూడు సెకన్లు ఆలస్యం చేస్తూ పోవాలి. పళ్లెం మీద జారకుండా పాత తువ్వాలు ముక్క పరిచి, దాని బరువును సున్నా చేసుకోవాలి. మా ఇంట్లోని నల్లమచ్చలది ఈ పని పది రోజులలో నేర్చుకుంది. గోధుమ రంగుది మూడు వారాలు తీసుకుంది, పైగా ఇప్పటికీ ఒక వెనుక కాలును నేల మీదే ఉంచి నన్ను చూస్తుంది.

ప్రయాణపు డబ్బాకు దారి చూపించే పద్ధతే తేలిక. డబ్బాను నెల రోజుల ముందు నుంచే గూటి పక్కన తలుపు తీసి ఉంచి, లోపల గడ్డి వేసి, రోజూ ఒక కాడను, వారానికి ఒకటి రెండుసార్లు దాని బదులు జామ ముక్కను మరికాస్త లోపలగా పెడుతూ పోవాలి. తలుపు వేయడం చివరి మెట్టు. మొదట క్షణకాలం వేసి తీయడంతో మొదలుపెట్టాలి.

గుండ్రంగా తిరగడం, సొరంగంలోంచి రావడం వంటి విద్యలు పిల్లలకు సరదాగా ఉంటాయి, వాటికీ తాయిలంతో దారి చూపించడం చాలు. రెండు కాళ్ల మీద ఎక్కువసేపు నిలబెట్టడం, ఎత్తు నుంచి దూకించడం మాత్రం వద్దు. పొడవాటి వెన్ను, పొట్టి కాళ్లు ఉన్న ఒళ్లు అది. మలమూత్రాలను ఒకే మూలకు పూర్తిగా అలవాటు చేయాలన్న ఆశ కూడా పెట్టుకోకూడదు.

జతగా ఉన్నప్పుడు, కొత్తగా వచ్చినప్పుడు

గినీ పిగ్ ఒంటరిగా బతికే జంతువు కాదు. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం దీనిని తోడు లేకుండా పెంచకూడదు. శిక్షణ కోసం రెండింటినీ పూర్తిగా విడదీసి వేర్వేరు గదులలో పెట్టడం వల్ల రెండూ కంగారుపడతాయి. కలిపి నేర్పితే పెత్తనం చేసేది రెండవదాని నోటి దగ్గర ముక్కను లాక్కుంటుంది; పైగా ఒకదానికి వేసిన గుర్తు రెండవదానికీ వినిపించి, ఏమీ చేయకుండానే తాయిలం కోసం ఎదురుచూస్తుంది. ఒకదానికొకటి కనిపించేలా మధ్యలో జాలీ పెట్టి, నేర్చుకోనిదాని ముందు గుప్పెడు గడ్డి, రెండు కాడలు వేసి, వంతులవారీగా నేర్పడం మధ్యేమార్గం. పిలుపు మాత్రం రెండింటికీ కలిపి ఒక్కటే ఉండవచ్చు. ఒకటి కదిలితే రెండవది దాని వెంటే వస్తుంది.

కొత్తగా తెచ్చిన జంతువుకు మొదటి వారం పది రోజులు ఏ శిక్షణా వద్దు. చేతిలోంచి తిండి తీసుకోకముందే చప్పుళ్లను పరిచయం చేస్తే, ఆ చప్పుడు తిండికి బదులు భయానికి ముడిపడుతుంది. పళ్లు టకటకలాడించడం కోపానికి, బిగుసుకున్న ఒంటితో పొట్టిగా గురగురలాడడం బెదురుకు గుర్తులు, అప్పుడు ఆపివేయాలి. ఉన్నచోటే ఒక్కసారిగా గాలిలోకి ఎగిరి గెంతడం సంతోషానికి గుర్తు.

కోస్తాలోనూ తెలంగాణలోనూ మార్చి నుంచి జూన్ దాకా వేళ కూడా చూసుకోవాలి. ఈ జంతువుకు చలి ప్రాంతపు ఒళ్లు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, వడదెబ్బ త్వరగా తగులుతుంది. తెల్లవారుజామున గానీ, కూలర్ లేదా ఏసీ ఉన్న గదిలో గానీ నేర్పాలి. మధ్యాహ్నం చాపలా పరచుకొని పడుకున్నదానిని సోమరిదని లేపకూడదు. దీపావళి నాడు, దానికి ముందు వెనుకల రెండు రోజులు టపాసుల మోతలో ఏ చప్పుడూ నేర్పలేము. ఆ రోజులలో గూటి మీద దుప్పటి కప్పి, గడ్డి ఎక్కువ వేసి ఊరుకోవాలి.

పిలుపు బాగా స్థిరపడిన తరువాత అప్పుడప్పుడు తాయిలం ఎగ్గొట్టినా అది వస్తూనే ఉంటుంది. నాలుగుసార్లలో ఒకసారి ఖాళీ చేయి చూపినా నష్టం లేదు. గుర్తు చప్పుడు విషయంలో ఈ వెసులుబాటు లేదు: ‘టక్’ అన్నాక, పొరపాటున అన్నా సరే, ముక్క పెట్టి తీరాలి. గోళ్లు కత్తిరించడానికి, మందు పట్టించడానికి, స్నానానికి పిలుపును ఎప్పుడూ వాడకూడదు. పిలిస్తే వచ్చి నమ్మకంగా నిలబడినదానిని పట్టుకొని గోళ్లు తీస్తే, మరుసటి రోజు ఆ పిలుపుకు సోఫా కిందకు పోతుంది. అలాంటి పనులకు నడిచి దాని దగ్గరకే వెళ్లి, రెండు చేతులతో ఛాతీకి, వెనుక కాళ్లకు ఆసరా ఇచ్చి ఎత్తుకొని, పని అయ్యాక ఒక కాడ పెట్టి వదలాలి. ఇప్పటికే ఒక పిలుపు అలా చెడిపోయి ఉంటే దానిని బాగుచేయడానికి వారాలు వెచ్చించడం కంటే, రెండు కొత్త అక్షరాలతో కొత్త పిలుపును మొదటి నుంచి నేర్పడమే తక్కువ శ్రమ.